మచ్చ మళ్లీ అక్కడే ఎందుకు వస్తుంది?

జ్వరానికో పంటినొప్పికో ఒక మాత్ర వేసుకుంటారు. కొన్ని గంటలు గడిచేసరికి పెదవి అంచున చురుక్కుమంటుంది. అద్దంలో చూసుకుంటే గోరంత గుండ్రటి మచ్చ, ఎర్రగానో ఊదారంగులోనో ఉబ్బి ఉంటుంది. కొద్ది రోజుల్లో మంట తగ్గిపోతుంది గానీ గోధుమ రంగు మరక ఒకటి నెలల తరబడి మిగిలిపోతుంది. ఏ పురుగో కుట్టి ఉంటుందని ఆ సంగతి మరచిపోతారు. ఏ ఆరు నెలలకో మళ్లీ అదే మాత్ర వేసుకుంటే, సరిగ్గా ఆ మరక ఉన్నచోటే మచ్చ తిరిగి రాజుకుంటుంది. కొత్తవి ఒకటి రెండు తోడైనా, పాతది మాత్రం తన చోటు తప్పదు.

దీన్ని వైద్యులు ఫిక్స్‌డ్ డ్రగ్ ఎరప్షన్ అంటారు. ‘స్థిర ఔషధ దద్దురు’ అని తెలుగు చేయవచ్చు గానీ అలా ఎవరూ పిలవరు. కో-ట్రైమాక్సజోల్ వంటి సల్ఫా మందులు, టెట్రాసైక్లిన్లు, కొన్ని నొప్పి మాత్రలు తరచుగా దీనికి కారణమవుతాయి. దోషి ఏ మందో తేల్చుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఉంది. అనుమానం ఉన్న మందును మెత్తటి లేపనంలో కలిపి, పట్టీలో పెట్టి, చర్మానికి అంటిస్తారు. మామూలు అలర్జీ పరీక్షల్లో ఈ పట్టీ వీపు మీద వేస్తారు. ఈ జబ్బులో వీపు మీద వేస్తే సాధారణంగా ఏమీ జరగదు. పాత మరక మీద వేస్తే మాత్రం చర్మం ఎర్రబడుతుంది. ఒకే మనిషి, ఒకే మందు, ఒంటినిండా తిరిగేది ఒకే రక్తం. అయినా మచ్చ పడిన చోటికి తెలిసిన విషయం జానెడు దూరంలోని చర్మానికి తెలియదు.

జపాన్‌లో తెత్సువో షియోహారా బృందం ఇలా చల్లారిపోయిన మచ్చల నుంచి చిన్న ముక్కలు తీసి సూక్ష్మదర్శిని కింద పరిశీలించింది. బాహ్యచర్మం అడుగు వరుసలో, రోగనిరోధక వ్యవస్థకు చెందిన సీడీ8 రకం టి-కణాలు కనిపించాయి. మంట లేదు, వాపు లేదు, మందు వేసుకుని నెలలు గడిచాయి. అయినా అవి అక్కడినుంచి కదల్లేదు. మందు మళ్లీ ఒంట్లోకి రాగానే అవి ఇంటర్‌ఫెరాన్-గామా అనే రసాయనాన్ని వదులుతాయి. చుట్టుపక్కల చర్మకణాలు దెబ్బతింటాయి.

టి-కణాలంటే రక్తంలో తిరుగుతూ, కబురు అందినప్పుడు అవయవాల్లోకి దిగి, పని ముగించుకుని వెళ్లిపోయే సైనికులని చాలాకాలం అనుకున్నారు. చర్మం వాటికి ఒక మజిలీ మాత్రమేనన్నది ఆ నమ్మకం. 2006లో బోస్టన్‌లో రేచెల్ క్లార్క్ బృందం లెక్కగడితే, ఆరోగ్యంగా ఉన్న పెద్దవారి చర్మంలో సుమారు 2,000 కోట్ల టి-కణాలు ఉంటాయని తేలింది. రక్తంలో తిరిగేవాటికి ఇది దాదాపు రెట్టింపు. 2012లో ఆ బృందమే మరో విషయం బయటపెట్టింది. రక్తంలోకి పాకిన ఒక రకం చర్మ క్యాన్సర్‌కు అలెంతుజుమాబ్ అనే మందు ఇస్తారు. అది రక్తంలోని టి-కణాలను దాదాపు ఊడ్చేస్తుంది. అలా రక్తం ఖాళీ అయిన రోగుల చర్మంలో మాత్రం టి-కణాలు పుష్కలంగా మిగిలి ఉన్నాయి. భయపడినంతగా అంటురోగాలు కూడా వారిని చుట్టుముట్టలేదు. అంటే చర్మంలో కాపురం పెట్టిన కణాలు వేరే ఉన్నాయి. వీటికి ‘స్థానిక జ్ఞాపక కణాలు’ అని పేరు పెట్టుకుందాం.

సోరియాసిస్ ఉన్నవారికి ఈ సంగతి పరిశోధకులకన్నా ముందే అనుభవంలో ఉంది. మోచేతి మీది మచ్చ మందుతో మాయమవుతుంది. మందు ఆపాక కొన్నాళ్లకు తిరిగి వస్తుంది, అదే మోచేతి మీద, ఇంచుమించు అదే ఆకారంలో.

ఈ జబ్బును చాలాకాలం చర్మకణాల తొందరపాటుగానే చూశారు. బాహ్యచర్మం పూర్తిగా కొత్తది కావడానికి మామూలుగా దాదాపు ఒక నెల పడుతుంది. సోరియాసిస్ మచ్చలో ఆ పని నాలుగైదు రోజుల్లో అయిపోతుంది. ముదరని కణాలే పైకి తోసుకొచ్చి తెల్లటి పొలుసులుగా రాలుతాయి. కంటికి కనిపించేది అదే కనుక వైద్యమంతా అక్కడే తిరిగింది. 1979లో సైక్లోస్పోరిన్ అనే మందు వాడిన కొందరు రోగుల్లో సోరియాసిస్ తగ్గుముఖం పట్టింది. అది టి-కణాలను అణచే మందు. పొలుసుల వెనుక ఉన్న అసలు చేయి ఎవరిదో అప్పుడు అనుమానం మొదలైంది.

2004లో జ్యూరిక్ పరిశోధకులు చేసిన ప్రయోగం నాకు ఎప్పటికీ మరపురానిది. సోరియాసిస్ రోగుల ఒంటి మీద ఏ మచ్చా లేని చోటినుంచి చర్మం తీసి, సొంత టి-కణాలు లేని ఎలుకలకు అతికించారు. బయటినుంచి ఏమీ ఎక్కించలేదు. కొన్ని వారాల్లో ఆ శుభ్రమైన చర్మంలోనే సోరియాసిస్ పుట్టింది. రోగి శరీరం లేదు, రోగి రక్తం లేదు. చర్మంతో పాటు వచ్చిన కొద్దిపాటి టి-కణాలే అక్కడ పెరిగి జబ్బును నిలబెట్టాయి. నునుపుగా కనిపించే చర్మం లోపల జబ్బు కాచుకుని కూర్చోగలదని ఇంతకన్నా సూటిగా చూపడం కష్టం.

ఆ తర్వాత వచ్చిన మందుల కథ చాలామందికి కొంత తెలిసే ఉంటుంది. కణాల మధ్య నడిచే రసాయన సందేశాలను దారిలో పట్టుకునే ఇంజెక్షన్లు ఇవి. మొదట టీఎన్ఎఫ్ అనే సందేశాన్ని, తర్వాత ఇంటర్‌ల్యూకిన్-17ను, ఇంటర్‌ల్యూకిన్-23ను అడ్డుకునేవి వచ్చాయి. 2019లో వెలువడిన ఎక్లిప్స్ పరీక్షలో వెయ్యిమందికి పైగా రోగుల మీద రెండు మందులను ముఖాముఖి పోల్చారు. 48 వారాల తర్వాత చూస్తే, 23ను అడ్డుకునే గుసెల్కుమాబ్ తీసుకున్నవారిలో 84 శాతం మందికి జబ్బు తీవ్రత కనీసం 90 శాతం తగ్గింది. 17ను అడ్డుకునే సెక్యుకినుమాబ్‌తో 70 శాతం మందికి అలా తగ్గింది. వేగం విషయానికొస్తే మొదటి వారాల్లో రెండోదే ముందుంటుంది. ఆఖరి వారాల్లో వెనకబడింది.

ఈ ‘తీవ్రత’ను ఎలా కొలుస్తారన్నది కూడా చెప్పుకోవాలి. ఎరుపు, మందం, పొలుసు అనే మూడింటికీ వైద్యుడు కంటితో చూసి సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు వేస్తాడు. మచ్చలు ఎంతమేర పరుచుకున్నాయో దానికి జోడిస్తాడు. తెల్లటి చర్మం మీద ఎర్రగా కనిపించేది నల్లటి చర్మం మీద ఊదాగానో ముదురు గోధుమ రంగులోనో కనిపిస్తుంది. ‘ఎరుపు’ కోసం వెతికే కన్ను అక్కడ తక్కువ మార్కులు వేస్తుంది. కోట్లు ఖర్చుపెట్టి చేసే పరీక్షలు చివరికి ఇలాంటి చూపు మీద ఆధారపడుతున్నాయంటే ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఎక్లిప్స్‌లో పాల్గొన్న కొద్దిమంది మచ్చల నుంచి ముక్కలు తీసి చూస్తే, గుసెల్కుమాబ్ వాడిన చర్మంలో సీడీ8 జ్ఞాపక కణాలు తగ్గాయి. రెండో మందు వాడిన చర్మంలో తగ్గలేదు. పైకి రెండూ మచ్చను చెరిపినట్టే కనిపిస్తాయి. లోపలి లెక్క వేరుగా ఉంది.

మరి ఈ జ్ఞాపక కణాలు తగ్గితే మందు కూడా తగ్గించవచ్చా? గైడ్ అనే పరీక్ష జర్మనీ, ఫ్రాన్స్ దేశాల్లో దీన్నే అడిగింది. గుసెల్కుమాబ్ మొదలుపెట్టాక 20వ వారంలోనూ 28వ వారంలోనూ ఒక్క మచ్చ కూడా లేనివారిని విడదీసి, సగంమందికి మామూలుగా 8 వారాలకొకసారి, మిగతా సగంమందికి 16 వారాలకొకసారి ఇంజెక్షన్ ఇచ్చారు. 68వ వారానికి జబ్బు అదుపులో ఉన్నవారు మొదటి గుంపులో 92.6 శాతం, రెండో గుంపులో 91.9 శాతం. సగం మందుతో ఇంచుమించు అదే ఫలితం. అంతకన్నా ఆసక్తికరమైన అంకె మరొకటి ఉంది. జబ్బు మొదలై రెండేళ్లలోపే వైద్యం అందుకున్నవారిలో దాదాపు 44 శాతం ఈ ‘ఒక్క మచ్చ కూడా లేని’ గుంపులో చేరారు. పాత జబ్బు ఉన్నవారిలో 28 శాతమే చేరగలిగారు.

తొందరపడి జ్ఞాపకం చెరిగిపోయిందని రాసేవారు ఉన్నారు. నేను రాయను. మందు బాగా పనిచేసినవారిని ఏరి వారి మీదే చేసిన పోలిక ఇది. వారిలో జబ్బు మొదటినుంచే మెతకది కావచ్చు. కానీ ఇన్నాళ్లూ ‘మందు వాడుతుంటే ఎంత తగ్గింది’ అని మాత్రమే అడిగిన పరీక్షలు ఇప్పుడు ‘మందు తగ్గిస్తే ఏమవుతుంది’ అని కూడా అడుగుతున్నాయి. రోగులు మొదటి రోజునుంచీ అడుగుతున్న ప్రశ్న అదే.

బొల్లిలో కథ ఇంకా కళ్లకు కట్టినట్టుంటుంది. ఇక్కడ టి-కణాలు రంగునిచ్చే మెలనోసైట్లను చంపుతాయి. వైద్యం ఫలిస్తున్నప్పుడు తెల్లమచ్చను దగ్గరగా చూడండి. తరచుగా రంగు ముందు అంచులనుంచి పాకదు. మచ్చ మధ్యలో, ఒక్కో వెంట్రుక మొదట్లో, మిరియపు పొడి చల్లినట్టు చిన్న చిన్న చుక్కలు పుడతాయి. వెంట్రుక కుదురులో దాక్కుని బతికిన మూలకణాలు పైకి పాకివచ్చి కొత్త మెలనోసైట్లు అవుతాయి. చుక్కలు పెరిగి ఒకదానితో ఒకటి కలుస్తాయి. మచ్చలోని వెంట్రుకలు కూడా తెల్లబడిపోతే ఆ నిల్వ అయిపోయినట్టే. వెంట్రుకలే లేని వేళ్ల చివర్లు అంత మొండికేయడానికి కారణం ఇదే.

2022లో అమెరికా అనుమతి పొందిన రుక్సోలిటినిబ్ క్రీము, ఇంటర్‌ఫెరాన్-గామా కబురును కణం లోపలికి చేరవేసే జాక్ అనే ఎంజైములను అడ్డుకుంటుంది. 24 వారాల పాటు రోజుకు రెండుసార్లు రాస్తే దాదాపు 30 శాతం మందికి ముఖం మీద కనీసం ముప్పావు వంతు రంగు తిరిగొచ్చింది. మందు లేని క్రీము రాసినవారిలో అలా వచ్చింది 7 నుంచి 11 శాతం మందికే. మూడింట ఒకరికన్నా తక్కువ అని కొందరు పెదవి విరవవచ్చు. అంతకుముందు ఈ జబ్బులో రంగు తెప్పించే మందులు ఎంత తక్కువో గుర్తుంటే ఆ అంకె విలువ తెలుస్తుంది. ఆపితే కొందరికి తెలుపు మళ్లీ పాత చోటికే వస్తుంది, ఎందుకంటే జాక్‌ను అడ్డుకోవడం కాపలాదారు నోరు నొక్కడమే. కాపలాదారు అక్కడే ఉంటాడు. జ్ఞాపక కణాలు బతకడానికి ఇంటర్‌ల్యూకిన్-15 అనే పోషణ కావాలి. 2018లో జాన్ హారిస్ బృందం ఎలుకల్లో ఆ పోషణ అందుకునే గ్రాహకాన్ని మూసివేస్తే, కొద్దికాలం ఇచ్చిన మందుతోనే రంగు చాలాకాలం నిలిచింది. ఎలుకల మాట మనుషుల్లో ఎంతవరకు చెల్లుతుందన్నది వేరే కథ.

పేనుకొరుకుడులోనూ ఇదే వరస. బారిసిటినిబ్ మాత్రలతో 36 వారాల్లో, తీవ్రంగా జుట్టు ఊడినవారిలో దాదాపు 39 శాతం మందికి తలలో కనీసం 80 శాతం జుట్టు నిండింది. ఉత్తుత్తి మాత్రలతో 6 శాతం మందికి. మాత్ర ఆపినవారిలో అత్యధికులకు మళ్లీ రాలింది.

రాసినదాన్ని చెరపడం ఇంత కష్టమైతే, అసలు రాయకుండా ఆపలేమా? ఎగ్జిమా విషయంలో ఆ ఆశ బలంగా ఉండేది. పొడిబారి పగిలిన చర్మం గుండా అలర్జీ కారకాలు లోపలికి చేరి రోగనిరోధక వ్యవస్థను రెచ్చగొడతాయి కనుక, పుట్టినప్పటినుంచే బిడ్డ ఒంటికి రోజూ తేమ క్రీము రాస్తే చాలన్నారు. 2014లో రెండు చిన్న పరీక్షలు దాన్ని సమర్థించాయి కూడా. బ్రిటన్‌లో 1,394 మంది పసిపిల్లల మీద జరిగిన బీప్ పరీక్ష ఫలితం 2020లో వచ్చింది. ఏడాది పాటు రోజూ క్రీము రాసిన పిల్లల్లో రెండేళ్ల వయసుకు 23 శాతం మందికి ఎగ్జిమా వచ్చింది. రాయనివారిలో 25 శాతం మందికి. ఆ తేడా లెక్కలోకి రాదు. పైగా రాసినవారిలో చర్మపు ఇన్ఫెక్షన్లు కాస్త ఎక్కువ. వచ్చిన ఎగ్జిమాకు తేమ క్రీము ఉపయోగపడుతుంది, అందులో సందేహం లేదు. రాకుండా ఆపలేదు, అంతే.

గుర్తుపెట్టుకునేవి టి-కణాలొక్కటే అనుకుంటే అదీ పొరపాటే. 2017లో రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో ఎలైన్ ఫ్యూక్స్ ప్రయోగశాల ఎలుకల చర్మానికి మంట పుట్టించి, అది పూర్తిగా చల్లారాక అక్కడే చిన్న గాయం చేసింది. ముందు మంట అనుభవించిన చర్మం సుమారు రెండున్నర రెట్లు వేగంగా మానింది. చర్మాన్ని పుట్టించే మూలకణాల్లో, మంట వేళ తెరుచుకున్న కొన్ని జన్యువుల తలుపులు నెలల తరబడి మూతపడలేదు. గాయానికి అది వరమే. సోరియాసిస్ మచ్చ అంత తేలిగ్గా తిరిగి రావడానికి కూడా ఇలాంటి ఓరగా తెరిచిన తలుపులే కారణమేమోనని ఆ పరిశోధకుల అనుమానం.

సియాటిల్‌లో లారీ కోరీ, జియా జూ బృందం జననాంగాల హెర్పిస్ పుండ్లు మానిన చోటినుంచి ముక్కలు తీసి చూసింది. పుండు మాని వారాలు గడిచినా, బాహ్యచర్మం అడుగు వరుసలో, వైరస్ బయటికి వచ్చే నరాల కొసల పక్కనే సీడీ8 కణాలు కూర్చుని ఉన్నాయి. వైరస్ తల ఎత్తినప్పుడు చాలాసార్లు పుండు పడకముందే దాన్ని అణచేవి ఇవే. షియోహారా బృందానికి మాత్ర మచ్చలో కనిపించిన కణాల రకమూ ఇదే, అవి కూర్చున్న వరుసా ఇదే.