తాంబాలానికి చిల్లు పడకముందే

నా పాత స్టూడెంట్ ఒకామె మొన్న వాట్సాప్‌ల వాయిస్ మెసేజ్ పెట్టింది. పరకాల దగ్గర బడిల నేను చెప్పిన బ్యాచ్, ఇప్పుడు ఆమెకే ఇద్దరు పిల్లలు. "మేడం, మా సబ్‌సెంటర్ సిస్టర్ వచ్చి 30 దాటిన ఆడోళ్లందరు రావాలె, గర్భసంచి మూతికి టెస్టు చేస్తం అంటుంది. నాకు నొప్పి లేదు, తెల్లబట్ట లేదు, మంచిగనే ఉన్న. ఏం లేనిదానికి ఎందుకు చూపించుకోవాలె? మా అత్తమ్మ గూడ వద్దంటుంది" అని.

ఆమెకు నా సంగతి తెల్వదు. 2023ల నాకు గర్భసంచి మూతి క్యాన్సర్ అని తేలింది, తేలేనాటికే అది నాలుగో స్టేజి. 25 ఏండ్లు బయాలజీ చెప్పిన మనిషిని, కణ విభజన బోర్డు మీద కళ్లు మూసుకొని గీస్త, కానీ ఆ టెస్టు నేను ఒక్కసారి గూడ చేయించుకోలే, ఎందుకంటే నాకు గూడ ఏ నొప్పీ లేకుండె. అందుకే ఆ మెసేజ్ నాలుగుసార్లు విన్న. ఆమె అడిగింది చానా సరైన ప్రశ్న. దానికి జవాబు ఆ మూతి మీదుండే పొర ఎట్ల పేర్చి ఉంటదో దాంట్లనే ఉంది, ఆ పొరను చూపెట్టాల్నంటె నాకు బతుకమ్మ కంటె మంచి బొమ్మ దొరకలే.

బతుకమ్మను రోగంతోని పోలుస్తున్ననని ఎవరు బాధపడొద్దు, నేను పోల్చేది ఆరోగ్యంగ ఉన్న పొరను. మనం ఏం చేస్తం? తాంబాలం పెట్టి, గుమ్మడాకులు పరిచి, తంగేడు ఒక వరుస, గునుగు ఒక వరుస, బంతి ఒక వరుస, మీదికి పోయినకొద్ది సన్నగ చేసుకుంట పేరుస్తం. ఏ వరుసల ఏ పువ్వు ఉండాల్నో అదే ఉంటది. గర్భసంచి మూతి మీది పొర గూడ గంతే. కింద తాంబాలం లాంటి ఒక పలుచటి పట్టు, దానికి ఆనుకొని మొదటి వరుస కణాలు. ఆ కింది వరుసనే కొత్త కణాలను కనేది, మీదివాటికి ఆ పని లేదు. కింద పుట్టిన కణం గుండ్రంగ, లోపల పెద్ద కేంద్రకంతోని ఉంటది, మెల్లగ మీదికి జరుగుకుంట చదునైతది, కేంద్రకం చిన్నగైతది, ఆఖరికి ఎండిన రేకులెక్క రాలిపోతది. బతుకమ్మకు దీనికి ఒకటే తేడా, అక్కడ పెట్టిన పువ్వు పెట్టినచోటనే ఉంటది, ఇక్కడ ప్రతి పువ్వు కింది వరుసల నుంచి శిఖరం దాక నడుస్తది.

ఇప్పుడు హెచ్‌పీవీ అనే వైరస్ సంగతి. సంసారం చేసే మనుషులల్ల దాదాపు అందరికి ఎప్పుడో ఒకప్పుడు ఇది తగులుతది, ఒక్క భర్తతోనే బతికిన ఆమెకు గూడ, కాబట్టి దీంట్ల నడవడిక మాట తియ్యొద్దు, ఆ మాటకు భయపడే సగంమంది ఆడోళ్లు దవాఖాన గడప తొక్కరు. పది మందికి తగిలితే తొమ్మిది మందికి రెండేండ్ల లోపల ఒంటి శక్తే దాన్ని తరిమేస్తది. మిగిలిన ఒకామె ఒంట్ల అది తిష్ట వేస్తది. రెండు వందలకు పైగ ఉన్న రకాలల్ల 16, 18 అనే రెండే పదింటికి ఏడు గర్భసంచి మూతి క్యాన్సర్లకు కారణం. ఈ వైరస్సే కారణమని పట్టి చెప్పిన హెరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008ల నోబెల్ వచ్చింది.

నేను గంటలకొద్ది చదువుకున్నది ఈ వైరస్ తెలివి గురించే. అది సన్నటి గీతల్లోంచి దూరి కింది వరుస కణంల కూసుంటది. దానికి పిల్లలు కావాల్నంటె కణం డీఎన్ఏ కాపీ చేసే మిషను నడవాలె, కానీ కణం మీదికెక్కుతుంటె ఆ మిషను బంద్ అయితది, మీది వరుసలకు కనుడు అక్కరలేదు గద. అందుకే వైరస్ రెండు ప్రొటీన్లు చేస్తది. ఈ7 అనేది పోయి ఆర్‌బీ అనే బ్రేకును పట్టుకొని విడదీస్తది, మిషను మళ్ల నడుస్తది. బ్రేకు పోయిందని కణానికి అనుమానమొస్తె పీ53 అనే కావలిమనిషి లేచి ఆ కణాన్ని చంపేస్తడు, అందుకే ఈ6 అనే రెండోది ముందుగాలనే పీ53కి చెత్తబుట్టకు పంపే ముద్ర కొట్టిస్తది. బ్రేకు లేదు, కావలి లేదు. ఇదంతా వైరస్ తన పిల్లల కోసం చేసుకున్నది, క్యాన్సర్ దానికి అక్కరలేదు, క్యాన్సర్ అయిన కణంల నుంచి కొత్త వైరస్‌లు బయటికి రావు. దాని పని అది చేసుకుంట చేసుకుంట ఎక్కడో దాని డీఎన్ఏ తెగి మన డీఎన్ఏల ఇరుక్కుంటది, ఈ6, ఈ7 ఆగకుండ తయారైతయి, కణం పిచ్చిపట్టినట్టు విభజన చేస్తది.

మళ్ల బతుకమ్మ దగ్గరికి రండి. కింది వరుసల ఉండాల్సిన పెద్ద కేంద్రకం కణాలు మీది వరుసలల్ల కనబడుడు మొదలైతది. కింది మూడో వంతు దాక వరుస తప్పితే డాక్టర్లు సిన్ 1 అంటరు, మూడుల రెండొంతులు తప్పితే సిన్ 2, శిఖరం దాక అన్ని వరుసలు కలగాపులగమైతే సిన్ 3. కానీ చూడండి, ఇప్పటిదాక తాంబాలానికి ఏం కాలే. తాంబాలం మీద రక్తనాళాలే లేవు, రక్తనాళాలన్ని తాంబాలం కిందనే. రక్తం రావాల్నంటె యాడికెళ్లి వస్తది? నొప్పి లెయ్యాల్నంటె గడ్డ పెరిగి కటిలోపలి నరాలను వత్తాలె, ఇక్కడ గడ్డే లేదు. బిడ్డా, నీ ప్రశ్నకు జవాబు ఇదే. ఈ రోగం తేలికగ పోయే కాలమంతా నొప్పి లేని కాలమే. వైరస్ తగిలిన కాన్నుంచి తాంబాలానికి చిల్లు పడేదాక, అంటె ఆ కణాలు కిందికి దిగి క్యాన్సర్ అయ్యేదాక, మామూలు ఆరోగ్యం ఉన్న ఆడమనిషికి 15 నుంచి 20 ఏండ్లు పడుతది. నొప్పి తెలిసిందంటె అది చిల్లు దాటి చానా దూరం పోయినట్టు.

ఈ చిల్లు పడే లెక్క ఎట్ల తెలిసిందంటె దాని ఎనుక ఒక బాధపడే కథ ఉంది. న్యూజిలాండ్‌ల ఆక్లండ్ అనే ఊర్లె 1960లల్ల ఒక డాక్టర్ సిన్ 3 క్యాన్సర్‌గ మారదని నమ్మి, చానామంది ఆడోళ్లకు వైద్యం చెయ్యకుండ ఊరికే చూసుకుంట కూసున్నడు, వాళ్లకు చెప్పలేదు గూడ. 1987ల దాని మీద పెద్ద విచారణ జరిగింది. తర్వాత లెక్క తీస్తే వైద్యం సరిగ అందనోళ్లల్ల 30 ఏండ్లల్ల నూటికి 31 మందికి క్యాన్సర్ అయింది, సరిగ వైద్యం అందినోళ్లల్ల నూటికి ఒక్కరికి గూడ కాలే. ఆ అక్కల పేర్లు నాకు తెల్వవు గని ఈ లెక్క చూసినప్పుడల్ల వాళ్లకు మనసుల దండం పెట్టుకుంట.

మరి వరుస తప్పిందని కంటికి ఎట్ల తెలుస్తది? ఇదే నాకు అన్నిటికన్న ఇష్టమైన భాగం. వంటింట్లె వెనిగర్ ఉంటది గద, దాంట్ల ఉండే అసిటిక్ ఆమ్లం, 3 నుంచి 5 శాతం. దూదితోని మూతికి అద్ది ఒక్క నిమిషం ఆగుతరు. పాలల్ల నిమ్మకాయ పిండితే ఇరిగి గడ్డకట్టినట్టు కణంల ప్రొటీన్లు కొంచెంసేపు గడ్డకడతయి. మంచి కణంల కేంద్రకం చిన్నది, ప్రొటీన్ తక్కువ, లైటు లోపలికి పోయి కింది రక్తనాళాల ఎరుపును చూపెడుతది, గులాబి రంగు కనబడుతది. వరుస తప్పిన కణాలల్ల కేంద్రకాలు పెద్దగ, వత్తుగ ఉంటయి, లైటు లోపలికి పోకుండ ఎనుకకు తిరుగుతది, అక్కడ మందంగ తెల్లటి మచ్చ తేలుతది, గులాబి రేకుల నడుమ గునుగు పువ్వు పెట్టినట్టు. కొన్ని నిమిషాలైతే మళ్ల మాయమైతది. మైక్రోస్కోప్ వద్దు, ల్యాబ్ వద్దు, ఒక టార్చిలైటు, నేర్చుకున్న ఒక కన్ను చాలు.

ఈ మాట నేను గాలికి అంటలేను. ముంబై బస్తీలల్ల 1998ల మొదలుపెట్టి లక్షా 50 వేల మంది ఆడోళ్లతోని టాటా మెమోరియల్ క్యాన్సర్ దవాఖాన వాళ్లు పరీక్షించిండ్రు, వెనిగర్ టెస్టు చేసింది డాక్టర్లు గాదు, పదో తరగతి చదివి ట్రైనింగ్ తీసుకున్న ఆడపిల్లలు. రెండేండ్లకొకసారి చూసిన బస్తీలల్ల ఈ క్యాన్సర్ చావులు నూటికి 31 తగ్గినయి. పదో తరగతి! నా దగ్గర చదివిన పిల్లలు ఎంతమంది ఆ పని చేయగలరో తలుచుకుంటె నాకు ఉండబుద్ధి కాదు. మన నిజామాబాద్ అవతల మరాఠ్వాడాల, ఉస్మానాబాద్ (ఇప్పుడు ధారాశివ్) జిల్లా పల్లెలల్ల ఒక్కసారి హెచ్‌పీవీ టెస్టు చేస్తేనే ఎనిమిదేండ్లల్ల చావులు దాదాపు సగమైనయి. పత్తి, జొన్న పండే ఊర్లే అవి గూడ, మన అసొంటి ఆడోళ్లే. అయినా మన దేశంల 30 నుంచి 49 ఏండ్ల ఆడోళ్లల్ల ఈ టెస్టు ఎప్పుడన్న చేయించుకున్నోళ్లు నూటికి ఇద్దరు లేరని 2019–21 సర్వేల తేలింది. 2022ల ఒక్క ఏడాది లక్షా 27 వేల మందికి ఈ రోగం, 80 వేల దాక చావులు.

నా సంగతి చెప్త. ముట్టు ఆగి ఏడాదిన్నర అయినంక ఒకరోజు రక్తం మరక కనబడ్డది. ఒక క్లినిక్‌కు పోతె వేడి చేసిందని గోలీలు రాసిండ్రు. మళ్ల పోయిన, మళ్ల గోలీలు. ఎనిమిది నెలలు. ఒక్కనాడు గూడ బల్ల మీద పడుకోబెట్టి చూడలే, నేను గూడ చూడమని అడగలే. ఒకరోజు పొద్దుగాల మెడల గొలుసు ఏసుకుంటుంటె ఎడమ దిక్కు మెడ బొక్క మీద శనగ గింజంత గడ్డ గట్టిగ తగిలింది. నేను బయాలజీ టీచర్ను, శోషరస నాళాలు యాడ కలుస్తయో నాకు తెలుసు, గర్భసంచి నుంచి ఎడమ మెడ దాక ఎంత దూరమో గూడ తెలుసు. అద్దం ముంగటనే కూసున్న. రోగం ఇంత దూరం పాకిన దశను 4బీ అంటరు. వెనుకకు లెక్కపెట్టుకుంటె నా పువ్వుల వరుస తప్పుడు మొదలైంది బహుశ 2005, 2008 నడుమ, అప్పుడు నేను రోజు బస్సెక్కి పోయి పిల్లలకు కణ విభజన దశలు బట్టీ పట్టిస్తున్న.

కీమో మందులల్ల ఒకటి పాక్లిటాక్సెల్. కణం విడిపోయేటప్పుడు క్రోమోజోములను చెరో దిక్కు లాగే కండె తంతువులు ఉంటయి, పదో తరగతోళ్లకు గుర్తుండే ఉంటది, ఈ మందు ఆ తంతువులను ఊడిపోకుండ గట్టిగ బిగబట్టిస్తది, కణం మధ్యల ఇరుక్కొని చస్తది. కానీ గదే పదార్థంతోని చేసిన పట్టాలు మన నరాలల్ల గూడ ఉన్నయి, వాటి మీదనే సరుకు నరం చివరి దాక పోతది. ఎంత పొడుగు నరమైతే అంత ఎక్కువ దెబ్బ, అందుకే ముందుగాల కాలివేళ్లు, తర్వాత చేతివేళ్లు మొద్దుబారుతయి. పోయినసారి ఎంగిలిపూల బతుకమ్మ నాడు గునుగు కాడ నా వేళ్ల నడుమ ఉందో జారిందో తెలవలే, చూసుకుంట పెట్టిన. మా కోడలు పేర్చింది, నేను పక్కన కూసోని ఏ వరుసల ఏది అని అందించిన. వేయిస్తంభాల గుడి కాడికి ఆటోల పోయి కుర్చీల కూసోని చూసిన.

చానామంది నాలుగో స్టేజి అనంగనే ఇగ అయిపోయిందని ఇంటికి తీస్కపోతరు, నాటు మందు, పత్యం, ఉపాసం. ఇంకొందరు బయాప్సీకి కత్తి పెడితే పాకుతదని అంటరు, ముక్క తీసుడు వల్ల ఇది పాకదు, ముక్క తియ్యకపోతె ఏ మందు ఇయ్యాల్నో తెల్వదు. కంచం వేరే పెట్టేటోళ్లను గూడ చూసిన, క్యాన్సర్ కంచంల నుంచి అంటదు. నాకు రక్తస్రావం ఆగనీకి కొద్దిరోజులు రేడియేషన్ ఇచ్చిండ్రు, ఆగింది. మూత్రనాళం వత్తుకపోయి కిడ్నీ ఉబ్బితే స్టెంట్ అనే సన్నటి గొట్టం ఏసిండ్రు. నొప్పికి మార్ఫిన్ గోలీ నాలుగు గంటలకొకటి, దానితోని మలబద్ధకం అయితది కాబట్టి దానికి గూడ మందు. మార్ఫిన్ అంటె సచ్చేటోళ్లకు ఇచ్చేది అని మా వదిన ఏడ్సింది, నేను ఏమన్ననంటె, వదినా, ఇది ఉంది కాబట్టే ఇయ్యాల నీతోని కూసోని చాయ్ తాగుతున్న అని. నిజంగ గంతే, నొప్పి తగ్గితె ఆకలైతది, నిద్ర పడుతది, ఈ వ్యాసం గూడ రాయగలుగుతున్న.

ఇంకో మాట గూడ చెప్పాలె. మన దిక్కు తెల్లబట్ట అనంగనే క్యాన్సర్ అయితదని భయపెట్టి 30, 35 ఏండ్లకే గర్భసంచి తీసేసుడు అలవాటైంది. టెస్టు ఉన్నదే ఆ భయం లేకుండ చెయ్యనీకి. తెల్ల మచ్చ తేలిందంటె గూడ క్యాన్సర్ అని గాదు, చానాసార్లు మామూలు ఇన్ఫెక్షనే ఉంటది. నిజంగ వరుస తప్పి ఉంటె 100 డిగ్రీల వేడి చేసిన చిన్న మొనను ఒక నిమిషం లోపు ఆనిచ్చి ఆ పొరను కాల్చేస్తరు, మత్తు గూడ అక్కరలేదు, అదే పూట ఇంటికి పోవచ్చు. గర్భసంచి గర్భసంచి కాడనే ఉంటది.

అందుకే బిడ్డా, ముట్టు అయిన రోజులు కాకుండ చూసుకొని సబ్‌సెంటర్‌కు పో. కడుపుతోని ఉంటె ముందు చెప్పు. బల్ల మీద పడుకున్నప్పుడు కొంచెం ఇబ్బందిగ ఉంటది, మెల్లగ ఊపిరి తీసుకో, సిస్టర్ వెనిగర్ అద్దినంక అరవై దాక లెక్కపెట్టు. మీ అత్తమ్మను గూడ తీస్కపో, కానీ ఆమెకు 50 దాటింది గద, ముట్టు ఆగినంక ఆ రంగు మారే జాగ మూతి లోపలికి పోతది, బయటికి కనబడదు, ఆమెకు వెనిగర్ టెస్టు చాలదు, హెచ్‌పీవీ టెస్టు యాడ చేస్తరో సిస్టర్‌ను అడుగు. ఆమెకు ముట్టు ఆగినంక ఎప్పుడన్న ఒక్క చుక్క కనబడ్డదేమో గూడ నువ్వే అడుగు, ఆమె నోరు తెరిచి చెప్పది. కనబడ్డదంటె మాత్రం టెస్టు రోజు దాక ఆగొద్దు, తెల్లారే పెద్ద దవాఖానకు తీస్కపోయి బల్ల మీద పడుకోబెట్టి చూడమను.