తూకం కదలకపోయినా రక్తనాళాలు కోలుకుంటాయి: అపోహలు - వాస్తవాలు

అపోహ: బరువు తగ్గకపోతే వ్యాయామం వృథా

"నెల నుంచి పొద్దున్నే నడుస్తాండా సార్, కిలో గూడా తగ్గల్యా." కడపలో నా దగ్గరికొచ్చే ఊబకాయుల్లో చాలామంది ఈ మాటే అంటారు. కొన్నాళ్లకు నడక మానేస్తారు. నాకు బాధ అక్కడే. ఎందుకంటే తూకం కదలకముందే లోపల మేలు మొదలై ఉంటుంది.

వాస్తవం: రక్తనాళాల లోపలి వైపు ఒకే వరుస కణాలతో ఎండోథీలియం అనే పొర ఉంటుంది. అది విడుదల చేసే నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు వల్ల నాళం వదులవుతుంది, రక్తం అనవసరంగా గడ్డకట్టదు. గుండె, రక్తనాళాల్లో ఈ వాయువు చేసే పనిని కనుగొన్నందుకే 1998లో ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ బహుమతి వచ్చింది. పొట్ట లోపల, పేగుల చుట్టూ కొవ్వు పేరుకుంటే వాపు పుట్టించే రసాయనాలు రక్తంలో కలుస్తాయి, ఇన్సులిన్ సరిగా పనిచేయదు, నైట్రిక్ ఆక్సైడ్ తగ్గిపోతుంది. నాళాలు బిగుసుకుంటాయి. అందుకే తూకంతో పాటు నడుము చుట్టుకొలత కూడా చూస్తాను. మన దేశంలో మగవాళ్లకు 90, ఆడవాళ్లకు 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి.

వేగంగా నడిచేటప్పుడు రక్తం జోరుగా ఆ పొరను ఒరుసుకుంటూ పోతుంది. నైట్రిక్ ఆక్సైడ్ తయారుచేసే ఎంజైమును మేల్కొలిపేది ఆ ఒరిపిడే. కొన్ని వారాలు క్రమంగా చేస్తే నాళాలు విప్పారే శక్తి మెరుగవుతుంది. బరువు మారని ఊబకాయుల్లోనూ పరిశోధకులు దీన్ని గమనించారు. మానేస్తే కొన్ని వారాల్లోనే ఆ మేలు కరిగిపోతుంది. బరువు కూడా తగ్గితే మరీ మంచిది. అందుకు కారం దోసెల లెక్కా చూసుకోవాల్సిందే.

అపోహ: పొద్దున నడిచాం కదా, ఇక రోజంతా కూర్చోవచ్చు

వాస్తవం: మూడు గంటలు కదలకుండా కూర్చుంటే చాలు, కాళ్లలోని ధమనుల పనితీరు మందగిస్తుంది. గంటకోసారి లేచి ఐదు నిమిషాలు నడిస్తే ఆ నష్టం తప్పుతుంది. కడప ఏడు రోడ్ల కూడలి దగ్గర దుకాణంలో గల్లా ముందు కూర్చునే అన్నలకు నేను మరీ మరీ చెప్పేది ఇదే.

అపోహ: చెమట కారినంత కొవ్వు కరుగుతుంది

చెమటంటే నీరూ ఉప్పూ. మన మే నెల ఎండలో పరుగెత్తితే వడదెబ్బే మిగులుతుంది. తెల్లవారుజామునే నడవండి.

అపోహ: నడక మొదలుపెడితే బీపీ మాత్ర ఆపేయొచ్చు

వాస్తవం: బీపీ ఉన్నవాళ్లకు క్రమమైన నడకతో పై అంకె సుమారు 5 నుంచి 8 పాయింట్లు తగ్గుతుంది. మంచి తగ్గుదలే, కానీ మందు అవసరమో కాదో మీ డాక్టరు చూసి చెప్పాలి. సొంతంగా ఆపకండి.

వారానికి 150 నిమిషాలు లక్ష్యంగా పెట్టుకోండి. మాట్లాడగలిగినా పాట పాడలేనంత వేగం ఉండాలి. ఇన్నాళ్లూ కదలనివాళ్లు పది నిమిషాలతో మొదలుపెట్టండి. నడుస్తుండగా ఛాతీ బరువెక్కినా, నొప్పి దవడకో చేతికో పాకినా వెంటనే ఆగి ఆసుపత్రికి రండి.