‘ఇంట్లో చెప్పకు’ అన్నవాడి గురించి మనవలకు ఉత్తరం

ఆత్రేయపురం,
ఆదివారం

అమ్మలూ, చిన్నోడా,

మీరు పండక్కి వచ్చి వెళ్ళాక ఇల్లు బోసిపోయింది. మామ్మ పూతరేకులు ఇంకో డబ్బా కట్టి ఉంచింది, కాకినాడ వచ్చేవాళ్ళెవరైనా ఉంటే పంపిస్తాం. ఫోన్లో చెప్తే "సరే తాతయ్యా" అనేసి మళ్ళీ ఆటలో పడిపోతారని ఈ సంగతి కాగితం మీద రాస్తున్నాను.

నేను 30 ఏళ్ళు కాలువల మీద లస్కరుగా, అంటే నీళ్ళూ గట్లూ చూసుకునే పని చేశాను కదా. వరదలప్పుడు మా చెవులన్నీ ధవళేశ్వరం కబురు మీదే ఉండేవి. అక్కడి గోదావరి బ్యారేజీ దగ్గర 10 లక్షల క్యూసెక్కులకి మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకి రెండోది, 17 లక్షలకి మూడోది. మొదటిదానికే గేదెల్ని గట్టెక్కించుకున్నవాళ్ళు రాత్రి నిద్రపోయేవారు. చూద్దాంలే అని లంకలోనే ఉండిపోయినవాళ్ళ కోసం పడవలు వెళ్ళాల్సి వచ్చేది. ఫోన్లో పరిచయమయ్యే మనుషులదీ ఇంచుమించు ఇదే లెక్క.

ఆటలో ఎవడో కలుస్తాడు. తనకీ పన్నెండేళ్ళే అంటాడు, పిల్లాడి ఫొటోయే పెట్టుకుంటాడు. ఎవరి ఫొటో అయినా పెట్టుకోవచ్చు, ఎవరు చూడొచ్చారు? నువ్వు భలే ఆడతావంటాడు. ఊరికే ఆటలో వాడుకునే డైమండ్లు పంపిస్తాడు. అమ్మ తిట్టిందని చెప్తే నీ వైపే మాట్లాడతాడు. ఇందులో తప్పేముంది అనిపిస్తుంది. నిజంగానే ఏమీ లేకపోవచ్చు కూడా. కానీ అది మొదటి హెచ్చరిక, వరదకి ముందొచ్చే ఎర్రనీరు లాంటిది, గుర్తుంచుకోండి. కొన్నాళ్ళకి "ఇక్కడొద్దు, వేరే యాప్‌లో మాట్లాడుకుందాం, మీ ఇంట్లో మాత్రం చెప్పకు" అంటాడు. అది రెండో హెచ్చరిక. నలుగురూ ఉన్న రేవు నుంచి ఎవరూ లేని చోటికి తీసుకుపోవడానికే ఆ మాట. ఇంట్లో చెప్పకు అన్నాడంటే, అదే ఇంట్లో చెప్పాల్సిన మాట. ఇక మూడోది ఫొటో అడగడం, వీడియో కాల్‌కి రమ్మనడం. మొదట మామూలు ఫొటోయే అడుగుతాడు. తర్వాత ఇంకో రకం. అది చేతికి చిక్కాక, మళ్ళీ పంపకపోతే నీ స్నేహితులందరికీ చూపిస్తానని బెదిరిస్తాడు.

అంతదాకా వెళ్ళిపోయినా భయపడి వాడు చెప్పినట్టు ఆడకండి. డబ్బు అసలే పంపొద్దు, పంపితే మళ్ళీ అడుగుతాడు. చాట్ చెరిపెయ్యొద్దు, పోలీసులకి అదే ఆధారం. అమ్మకో నాన్నకో చెప్పండి. వాళ్ళతో చెప్పలేకపోతే పిల్లల హెల్ప్‌లైన్ 1098 ఉంది, రాత్రీ పగలూ పనిచేస్తుంది, పిల్లలే నేరుగా ఫోన్ చెయ్యొచ్చు, పైసా ఖర్చవదు. 18 ఏళ్ళలోపు పిల్లల్ని అలాంటి ఫొటోలు అడిగితే నేరం అడిగినవాడిదే. 2012లో పోక్సో చట్టం తెచ్చింది ఇలాంటివాళ్ళ కోసమే.

చెప్పడం ఎంత కష్టమో నాకూ తెలుసు. పోయినేడు నాకో మెసేజ్ వచ్చింది. కరెంటు బిల్లు కట్టలేదు, రాత్రికి కనెక్షన్ తీసేస్తాం, ఈ నంబరుకి ఫోన్ చెయ్యండి అని. కంగారులో చేసేశాను. వాడు ఏదో యాప్ వేసుకోమంటే వేసుకున్నాను. ఖాతాలో 8,000 పోయాయి. ఊరందరికీ సలహాలు చెప్పే మనిషిని, నేను మోసపోవడమేంటని సిగ్గేసి రెండు రోజులు నోరు విప్పలేదు. అన్నం సరిగా తినడం లేదని మామ్మే పట్టేసింది. మీ నాన్న ఆ నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేశాడు గానీ, అప్పటికే డబ్బు ఎక్కడెక్కడికో పోయింది. ఆ గంటలోనే చెప్పి ఉంటే మధ్యలో ఆపగలిగేవాళ్ళేమో. 8,000 సంగతి మర్చిపోయాను గానీ ఆ రెండు రోజుల టెన్షన్ మాత్రం ఇంకా మర్చిపోలేదు.

మిగతావి మీకు తెలిసినవే. యూనిఫాంలో దిగిన ఫొటోలు పెట్టొద్దు, మీ బడి ఏదో తెలిసిపోతుంది. డబ్బు వస్తుందని ఎవరన్నా పిన్ కొట్టొద్దు, పిన్ కావాల్సింది డబ్బు పోవడానికే. 13 ఏళ్ళు నిండందే ఇన్‌స్టాగ్రామ్ వాళ్ళే ఖాతా ఇవ్వరు. పుట్టిన సంవత్సరం మార్చి తెరిచావని అక్క చెప్పిందిలే చిన్నోడా, అది మూసెయ్యి. రాత్రిళ్ళు ఫోన్లన్నీ హాల్లోనే చార్జింగ్ పెట్టమని మీ అమ్మకి చెప్పాను, నాన్నది కూడా. పెద్దవాళ్ళు పక్కలో పెట్టుకుని పిల్లల్ని వద్దంటే ఎవరు వింటారు?

ఇంకోటి చిన్నోడా. మొన్న అరుగు మీద ఆడుతూ, నేను రాగానే ఫోను బోర్లించావు. ఎవర్రా అంటే "ఆటలో అన్నయ్య" అన్నావు. ఆ అన్నయ్యది ఏ ఊరో, ఎప్పటినుంచి మాట్లాడుతున్నాడో వచ్చే ఆదివారం ఫోన్ చేసినప్పుడు నాకు చెప్పు. నీ ఫోను లాక్కోనని మీ అమ్మ దగ్గర మాట తీసుకున్నాను.

ఉంటాను.
తాతయ్య