బొమ్మ బుర్రలో తిరగకపోతే సైన్స్ రాదా? నేను రోజూ వినే అపోహలు, వాస్తవాలు

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారం నా ఫోన్ ఖాళీగా ఉండదు. "మేడం, పాపకి మార్కులు బానే వచ్చాయి గానీ బొమ్మలు ఊహించుకోలేదండీ, ఎంపీసీలో వేస్తే తట్టుకోలేదంటున్నారు, సీఈసీలో చేర్పించేయమంటారా?" అని అడుగుతారు. ఎవరన్నారండీ అంటే ట్యూషన్ సారు, లేకపోతే చుట్టాల్లో ఎవరో. హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్పబట్టి 19 ఏళ్లయింది, ఈ ఒక్క మాట వల్ల దారి మారిపోయిన పిల్లల్ని, అందులోనూ ఆడపిల్లల్ని, చాలామందినే చూశాను. అందుకే ముందు దీని సంగతి చెప్తాను.

అపోహ: వస్తువుని మనసులో తిప్పి చూడడం పుట్టుకతో రావాలి. ఉన్నవాళ్లకి ఉంటుంది, లేనివాళ్లకి లేదు.

వాస్తవం: నేర్పితే వస్తుంది. 2013లో డేవిడ్ ఉటాల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త బృందం దీని మీద జరిగిన 217 అధ్యయనాలను కలిపి చూసింది. శిక్షణ ఇస్తే ఈ శక్తి పెరుగుతోంది, పెరిగింది వెంటనే పోవడం లేదు, నేర్పని కొత్త లెక్కల్లో కూడా పనికొస్తోంది అని తేలింది. మనసులో బొమ్మ తిప్పే పరీక్షల్లో సగటున అబ్బాయిలకి ఎక్కువ మార్కులు వస్తాయన్నది నిజమే, కానీ సాధన చేస్తే అమ్మాయిలూ అంతే మెరుగవుతున్నారు. అమెరికాలో మిషిగన్ టెక్‌లో షెరిల్ సార్బీ అనే ప్రొఫెసర్ ఉండేవారు, తన చదువులో ఇంజినీరింగ్ డ్రాయింగ్ దగ్గర ఇబ్బంది పడ్డ మనిషే. ఈ పరీక్షలో వెనకబడ్డ ఇంజినీరింగ్ పిల్లలకి 1993 నుంచి విడిగా కోర్సు పెట్టి, దిమ్మెలు చేతికిచ్చి, చేత్తో బొమ్మలు గీయించారు. వాళ్లకి మార్కులు పెరిగాయి, అమ్మాయిలు మధ్యలో మానేయడం తగ్గింది.

వేలిముద్రలు స్కాన్ చేసి "మీ బాబుకి స్పేషియల్ (అంటే బొమ్మని మనసులో తిప్పి చూసే శక్తి) తక్కువ, కామర్స్ బెటర్" అని రంగు రంగుల రిపోర్టు చేతిలో పెట్టేవాళ్ల దగ్గరికి దయచేసి వెళ్లకండి. వేలి గీతలు తల్లి కడుపులో ఉండగానే ఏర్పడతాయి, వాటిని చూసి పిల్లాడు ఏ గ్రూపు తీసుకోవాలో చెప్పే శాస్త్రం ఎక్కడా లేదు. ఆ రిపోర్టు పట్టుకుని ఏడ్చిన తల్లిని నేను ఓదార్చాను. ఆవిడ తప్పేం లేదు, భయంలో ఉన్న మనిషికి ఎవరు గట్టిగా చెప్తే వాళ్ల మాటే నిజమనిపిస్తుంది.

కొన్నేళ్ల కిందట రసాయన బంధం పాఠం చెప్తున్నాను. బోర్డు మీద మీథేన్ అంటే అందరికీ తెలిసిందే, మధ్యలో సి అంటే కార్బన్, నాలుగు వైపులా హెచ్ అంటే హైడ్రోజన్, చూడడానికి ప్లస్ గుర్తు. రెండో బెంచీ అమ్మాయి బంధ కోణం, అంటే రెండు బంధాల మధ్య కోణం, 109 డిగ్రీల 28 నిమిషాలు అని గడగడా చెప్పేసింది. "ఈ బొమ్మలో ఆ కోణం ఎక్కడుందో చూపించమ్మా" అన్నాను. లేచి వచ్చి సుద్దముక్క 90 డిగ్రీల మూల మీద పెట్టి ఆగిపోయింది. కళ్లలో నీళ్లు. "నాకు బొమ్మలు రావు టీచర్" అంది, ఎవరో ఎన్నోసార్లు అన్న మాటని అప్పజెప్పినట్టు.

మధ్యాహ్న భోజనం వంటగది నుంచి ఒక బంగాళదుంప తెప్పించి, చీపురు పుల్లల్ని సమానంగా విరిచి ఇచ్చాను. నాలుగూ గుచ్చాలి, ఏ రెండూ దగ్గర పడకూడదు, ఒకదానికొకటి వీలైనంత దూరంగా ఉండాలి అని చెప్పాను. ముందు బండి చక్రం ఆకుల్లా నాలుగూ చుట్టూ గుచ్చింది. కాసేపు చూసి, "పైనంతా ఖాళీగా ఉంది టీచర్" అని తనే ఒకటి పీకి పైన గుచ్చింది, మిగతా మూడూ కాస్త కిందికి వంచింది. బెంచీ మీద పెడితే మూడు కాళ్ల మీద నిలబడింది. ఇంకో వైపు పడుకోబెట్టింది, మళ్లీ మూడు కాళ్లు, పైకి ఒకటి. ఇంకోసారి తిప్పింది. "ఎటు పెట్టినా ఒకేలా ఉంది టీచర్!" అని అరిచింది. ఆ పిల్ల ఎంపీసీ తీసుకుంది, ఇప్పుడు డిగ్రీలో కెమిస్ట్రీ చదువుతోంది.

కార్బన్ నాలుగు బంధాలూ ఇలా చతుర్ముఖి (నాలుగు త్రిభుజాల ముఖాలున్న ఆకారం) మూలల వైపు ఉంటాయని 1874లో చెప్పిన డచ్ శాస్త్రవేత్త వాంట్ హాఫ్ కూడా కాగితంతో చిన్న చిన్న మోడళ్లు చేసి తోటి శాస్త్రవేత్తలకి పంపాడు. కెమిస్ట్రీలో మొట్టమొదటి నోబెల్, 1901లో, ఆయనదే. అంత పెద్దవాళ్లకే చేతిలో మోడల్ పెట్టాల్సి వచ్చినప్పుడు పదిహేనేళ్ల పిల్ల బోర్డు చూసి ఊహించుకోవాలనడం అన్యాయం.

మోడల్ మీరు చేసి చూపించకండి, పిల్లల చేత చేయించండి. చేశాక గీయించండి, తర్వాత దాన్ని టవల్ కింద దాచి "ఇటు తిప్పితే ఎలా ఉంటుంది?" అని అడగండి, చెప్పాకే టవల్ తీయండి.

అపోహ: పుస్తకంలో బొమ్మ ఎలా ఉంటే నిజంగా అలాగే ఉంటుంది.

అమావాస్య అంటే చంద్రుడి మీద భూమి నీడ పడటం అని టీచర్ ట్రైనింగ్ అయినవాళ్లే నాతో అన్నారు. తప్పు వాళ్లది కాదు, బొమ్మది. పేజీలో చోటు చాలక భూమినీ చంద్రుణ్నీ నాలుగు వేళ్ల ఎడంలో వేస్తారు. పీచు తీసిన కొబ్బరికాయ భూమి అనుకుంటే చంద్రుడు నిమ్మకాయంత. ఎంత దూరంలో పెట్టాలి అంటే పిల్లలు జానెడు అంటారు. నిజానికి దాదాపు నాలుగు మీటర్లు, మధ్యలో 30 కొబ్బరికాయలు పడతాయి. గది చీకటి చేసి, ఒక బల్బు వెలిగించి, నిమ్మకాయని పుల్లకి గుచ్చి చేయి చాచి పట్టుకుని మీరే మెల్లగా తిరగండి, మీ తలే భూమి. బల్బు వైపు తిరిగినప్పుడు వెలుగు అవతలి పక్క పడుతుంది, మనకి చీకటి సగమే కనిపిస్తుంది, అదే అమావాస్య. బల్బుకి వీపు పెట్టినప్పుడు మీ తల నీడ నిమ్మకాయ మీద పడితే అది గ్రహణం. చేయి కొంచెం పైకెత్తితే నిండు పున్నమి. చంద్రుడి కక్ష్య 5 డిగ్రీలు వాలి ఉంది కాబట్టి ప్రతి పున్నమికీ గ్రహణం రాదని చేయెత్తిన పిల్లాడికి మళ్లీ చెప్పక్కర్లేదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. సిరల్లో రక్తం నీలంగా ఉండదు, ముదురు ఎరుపే, నీలం బొమ్మలో గుర్తు కోసం వేసిన రంగు. "మావాడు విజువల్ లెర్నర్", అంటే బొమ్మ చూస్తేనే నేర్చుకుంటాడు, అనేదానికి ఆధారం లేదు, 2008లో మనస్తత్వ శాస్త్రవేత్త హెరాల్డ్ పాష్లర్ బృందం వెతికి చూసినా సరైన రుజువు దొరకలేదు, బొమ్మలు అందరికీ కావాలి. త్రీడీ వీడియో చూపిస్తే చాలనుకోవద్దు, అక్కడ తిప్పేది కంప్యూటరు, పిల్లాడు చూస్తూ కూర్చుంటాడు. బొమ్మ అందంగా రాలేదని మార్కులు కోయకండి, బాణం గుర్తు సరైన వైపు ఉందా లేదా అంతే చూడండి.

కిట్ ఎంతవుతుంది అనేవాళ్లకి: నా పెట్టెలో ఉన్నవి చీపురు పుల్లలు, ఒక టార్చి, దారం, పాత పెళ్లి కార్డులు, కత్తెర. నిమ్మకాయ, కొబ్బరికాయ ఎవరో ఒకరు తెస్తారు. బంగాళదుంప మాత్రం నాలుగైదు రోజులకి మెత్తబడి పుల్లలు జారిపోతాయి, అప్పుడు ఇంకోటి తెచ్చుకోవాలి.