హెచ్‌ఐవీ మందులు మధ్యలో ఎందుకు ఆగిపోతాయి? అపోహలు - వాస్తవాలు

తిరుపతిలో ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అణచి ఉంచే మందుల చికిత్స) కౌన్సెలర్‌గా పనిచేస్తున్నాను. మందులు మానేసిన వాళ్ల గురించి బయట వినిపించే మాటలకూ, నా ముందు కూర్చుని వాళ్లు చెప్పుకునే దానికీ పొంతనే ఉండదు.

అపోహ: మందులు ఉచితం. అయినా మానేశారంటే నిర్లక్ష్యమే.

వాస్తవం: 2004 ఏప్రిల్ నుంచి ప్రభుత్వం ఏఆర్‌టీ మందులు ఉచితంగానే ఇస్తోంది. బస్సు చార్జీ, పోయిన కూలీ ఎవరిస్తారు? దగ్గర్లో తెలిసినవాళ్లు చూస్తారని పలమనేరు వైపు నుంచి తిరుపతి దాకా వచ్చేవాళ్లున్నారు. ఆఫ్రికా దేశాల్లో జరిగిన అధ్యయనాల్లోనూ దారి ఖర్చు, నలుగురికీ తెలుస్తుందన్న భయం, తిండికి కటకట, ఇవే పదేపదే కనిపిస్తాయి. నిలకడగా వాడేవాళ్లకు ఇప్పుడు రెండు మూడు నెలల మందులు ఒకేసారి ఇస్తున్నారు, కొంత నయం.

ఇంట్లో దాచుకోవడం ఇంకా కష్టం. లేబుల్ గీకేస్తారు. డబ్బా గలగలమంటుందని లోపల దూది కుక్కుతారు. గంగజాతరకు చుట్టాలొస్తే ఒకే గదిలో అందరూ పడుకోవాలి. "మా అత్త పక్కనే పడుకోనుంటే ఎట్ల ఏసుకునేది మేడమ్?" అని ఒకామె అడిగింది. ఇంట్లో చెప్పెయ్యమని సలహా ఇవ్వడం నాకు సులువే, కాపురం ఆమెది. టైమ్ పొద్దునకు మార్చాం. పూలు కట్టే పనికి వెళ్లాక అక్కడ వేసుకుంటోంది.

అపోహ: ఈ మాత్రలతో తల తిరుగుతుంది, పీడకలలొస్తాయి.

వాస్తవం: పాత మందుల్లోని ఎఫావిరెంజ్‌తో చాలామందికి అలాగే ఉండేది. ఇప్పుడు ఎక్కువమందికి ఇచ్చేది టీఎల్‌డీ. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ కలిపిన మాత్ర, రోజుకొకటి. కొందరికి నిద్ర పట్టదు, బరువు పెరుగుతుంది. డాక్టర్‌కు చెప్పండి, మీ అంతట మీరు ఆపొద్దు.

అపోహ: ఒక్కపొద్దు ఉన్నరోజు మాత్ర వేసుకోకూడదు.

వాస్తవం: తమిళ నెల పెరటాసిలో వచ్చే శనివారాల్లో ఇది మాకు మామూలే. టీఎల్‌డీ ఖాళీ కడుపుతోనూ వేసుకోవచ్చు. గుక్కెడు నీళ్లకు వెంకన్న ఏమీ అనుకోడు! ఐరన్, కాల్షియం మాత్రలుంటే మాత్రం ఆ రోజు టీఎల్‌డీ వేసుకున్న రెండు గంటల తర్వాతే వేసుకోవాలి.

అపోహ: రిపోర్టులో వైరస్ కనిపించలేదంటే జబ్బు పోయినట్టే.

వాస్తవం: పోలేదు, మందు దాన్ని అణచి ఉంచింది. ఆపితే సాధారణంగా కొన్ని వారాల్లోనే మళ్లీ పెరుగుతుంది. రోజూ మందు వాడుతూ రక్తంలో వైరస్ కనిపించని స్థాయిలో ఉన్నంతకాలం కలయిక ద్వారా భాగస్వామికి సోకదు. ఈ సంగతి తెలిశాకే మందు మీద శ్రద్ధ పెట్టిన భర్తలు ఉన్నారు.

అపోహ: నాటుమందుతో పూర్తిగా నయమవుతుంది.

వాస్తవం: కాదు.

అపోహ: కొన్నాళ్లు మానేసి వెళితే తిట్టి పంపేస్తారు.

వాస్తవం: తిట్లు అక్కడక్కడా పడుతున్నాయి, కాదనను. మందు మాత్రం ఇవ్వకుండా పంపకూడదు. తిడతారనే భయంతో మిగిలిన మాత్రలు దారిలో పారేసి ఖాళీ డబ్బా తెస్తారు. మాత్రల లెక్క సరిపోతుంది, వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే లెక్క) ఎందుకు పెరిగిందో మాకు అంతుపట్టదు, మందే పనిచేయడం లేదేమో అనుకుంటాం. మిగిలిన వాటితోనే రండి. బెంగళూరుకు పనికి పోతుంటే ముందే చెప్పండి, అక్కడి సెంటర్‌కు బదిలీ రాయించుకోవచ్చు. చెప్పకుండా వెళ్లిపోయి ఉంటే ఎయిడ్స్ హెల్ప్‌లైన్ 1097కి ఫోన్ చేసి దగ్గర్లోని సెంటర్ కనుక్కోండి. ఒకరోజు మర్చిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోండి, మర్నాడు మాత్రం రెండూ కలిపి వేసుకోవద్దు.