పాస్‌పోర్టు కౌంటర్లో మన పేర్లు, మన కాగితాలు: అపోహలు - వాస్తవాలు

పాస్‌పోర్టు సేవా కేంద్రంలో ‘ఏ’ (A) కౌంటర్ దగ్గర ఫొటో, వేలిముద్రలు తీసుకుంటారు. బీ కౌంటర్ దగ్గర అసలు కాగితాలు చూస్తారు. పాస్‌పోర్టు ఇవ్వాలా వద్దా అన్నది సీ కౌంటర్ దగ్గర తేలుతుంది. నేను చాలా ఏళ్లుగా బీ కౌంటర్ పని చూస్తున్నాను. అక్కడ ఆగిపోయే ఫైళ్లలో దొంగ కాగితాలు చాలా తక్కువ. ఎక్కువ ఫైళ్లు ఆగేది మన పేర్ల దగ్గర, మన ఇళ్లలో పెళ్లిళ్లు, పెంపకాలు జరిగే తీరు దగ్గర. దరఖాస్తు పెట్టేవాళ్లకూ, మా దగ్గర కొత్తగా చేరినవాళ్లకూ ఉండే అపోహలు ఇంచుమించు ఒకటే. అందుకే ఇద్దరికీ కలిపి రాస్తున్నాను.

అపోహ: రావు, రెడ్డి, చౌదరి, గౌడ్... పేరు చివర ఉన్నదే సర్‌నేమ్.

వాస్తవం: మన ఇంటిపేరు ముందు ఉంటుంది. పి.వి. నరసింహారావు గారి పూర్తి పేరు పాములపర్తి వెంకట నరసింహారావు. ఆయన ఇంటిపేరు పాములపర్తి. బయటి దేశాల పత్రికలు ఆయన్ను ‘మిస్టర్ రావు’ అని రాస్తే అది వాళ్ల లెక్క. దరఖాస్తులో గివెన్ నేమ్, సర్‌నేమ్ అని రెండే కాలమ్‌లు ఉంటాయి. వాటిని చూడగానే మనవాళ్లలో చాలామంది వాళ్ల లెక్కలోకి వెళ్లిపోతారు. దాంతో ఒకే ఇంట్లో తండ్రి సర్‌నేమ్ ‘రెడ్డి’, కొడుకుది అసలు ఇంటిపేరు, తల్లిది ఖాళీ. ఇందులో ఏదీ నేరం కాదు. కానీ రేపు కొడుకు అమెరికా నుంచి అమ్మానాన్నలకు వీసా పెట్టినప్పుడు ముగ్గురూ ఒకే కుటుంబమని విడిగా నిరూపించుకోవాలి. ఇంట్లో మొదటి పాస్‌పోర్టు తీసుకునేటప్పుడే కూర్చుని తేల్చుకోండి. ఇంటిపేరే సర్‌నేమ్‌గా పెట్టమని నా సలహా.

ఇనిషియల్స్ ఒప్పుకోరు, విప్పి రాయాల్సిందే. ‘కె.వి.ఎస్.ఎన్.’ అంటే ఏమిటో పదో తరగతి మెమోలో లేకపోతే ముందు వేరే కాగితంలో అయినా సరిచేయించుకుని రండి. వెంకట సత్య సూర్య నాగ అంటూ సాగే గోదావరి జిల్లాల పేర్లున్నవాళ్లు ఇంకో సంగతి అడుగుతారు. పాస్‌పోర్టు అడుగున యంత్రం చదివే రెండు వరుసలుంటాయి, ఒక్కో వరుసలో 44 అక్షరాలే. అందులో పేరుకు దక్కేది 39. పేరు అక్కడ తెగిపోయి కనిపిస్తే కంగారు పడకండి, పైన ముద్రించిన పూర్తి పేరే అసలు పేరు.

అపోహ: సర్‌నేమ్ కాలమ్ ఖాళీగా వదిలేసినా నష్టం లేదు.

వాస్తవం: పాస్‌పోర్టు వస్తుంది, ప్రయాణం దగ్గర ఇబ్బంది వస్తుంది. 2022 నవంబరు 21 నుంచి పాస్‌పోర్టులో ఒకే పేరున్నవాళ్లను విజిట్, టూరిస్టు వీసాల మీద రానివ్వబోమని యూఏఈ చెప్పింది. తర్వాత, రెండో పేజీలో తండ్రి పేరో కుటుంబం పేరో ఉంటే ఒప్పుకుంటామని వివరణ ఇచ్చింది. అమెరికా వీసాలోనైతే ఉన్న ఒక్క పేరూ సర్‌నేమ్ చోటికి వెళ్లి, అసలు పేరుండాల్సిన చోట ‘ఎఫ్.ఎన్.యు.’ అని పడుతుంది. మొదటి పేరు తెలియదని దాని అర్థం. అక్కడి లైసెన్సు మీద కూడా అదే ఎక్కించుకుని తిరిగిన పిల్లలు నాకు తెలుసు.

అపోహ: స్పెల్లింగ్ తేడా ఉంటే మనిషి వేరే, లేదా మోసం.

వాస్తవం: ఇది మా కొత్తవాళ్ల అపోహ. లక్ష్మి అన్న పేరును ఆంధ్రలో ఎక్కువగా ‘కె, ఎస్, హెచ్’తో రాస్తారు, తెలంగాణలో ఎక్కువగా ‘ఎక్స్’తో రాస్తారు. స్వాతి అన్న పేరులో ‘టి’ పక్కన ‘హెచ్’ ఒక కాగితంలో ఉంటుంది, ఇంకోదాంట్లో ఉండదు. షేక్ అన్న పేరు మూడు కాగితాల్లో మూడు రకాలుగా చూశాను. అమ్మానాన్నలు బిడ్డ పేరును తెలుగులో చెప్పారు, ఇంగ్లిషులో రాసింది ఎవరో గుమాస్తా. పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, ఊరు కలుస్తున్నాయా అన్నది ముందు చూడాలి. దరఖాస్తు పెట్టేవాళ్లు మాత్రం ఆధార్, పదో తరగతి మెమో ఒకేలా ఉండేలా ముందే సరిచేయించుకోండి. లేకపోతే ఫైల్ హోల్డ్‌లో పడుతుంది, ఆ టెన్షన్ మీకే.

అపోహ: పేరు లేని బర్త్ సర్టిఫికెట్ పనికిరాదు.

వాస్తవం: ఒకావిడ ఆరేళ్ల పాపతో వచ్చింది. ప్లాస్టిక్ కవర్లోంచి నాలుగు మడతలు పెట్టిన సర్టిఫికెట్ తీసి నా ముందు పెట్టింది. తల్లి పేరుంది, తండ్రి పేరుంది, పాప పేరు చోట గీత. “ఇరవై ఒకటో రోజు బారసాల చేసి పేరు పెట్టామండీ. ఆస్పత్రివాళ్లు మూడో రోజే రాసి పంపేశారు” అంది. తప్పు ఆవిడది కాదు. జననాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలంటుంది చట్టం, మన పేరు పెట్టే రోజు దాని అంచున ఉంటుంది. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం 14వ సెక్షన్ సరిగ్గా ఇలాంటి వాళ్ల కోసమే. పేరు లేకుండా నమోదైతే ఏడాదిలోపు రుసుం లేకుండా, ఆ తర్వాత 15 ఏళ్ల వరకు ఆలస్య రుసుంతో చేర్పించుకోవచ్చు. ఆ తల్లిని నమోదు చేసిన మున్సిపాలిటీకే పంపాను. మళ్లీ వచ్చినప్పుడు పాప తన పేరు ఎక్కడుందో వేలు పెట్టి చూపించింది.

అసలు నమోదే కాకపోతే, ఏడాది దాటాక ఇప్పుడు కలెక్టరు లేదా ఆర్డీవో స్థాయి అధికారి ఉత్తర్వు కావాలి. 2023 అక్టోబరు 1న, ఆ తర్వాత పుట్టిన పిల్లలకు పుట్టిన తేదీ రుజువుగా బర్త్ సర్టిఫికెట్ ఒక్కటే చెల్లుతుంది. అంతకుముందు పుట్టినవాళ్లకు పదో తరగతి సర్టిఫికెట్, పాన్ కార్డు లాంటివి ఇంకా పనికొస్తాయి.

అపోహ: పెళ్లయ్యాక అత్తింటి ఇంటిపేరు పెట్టుకోవాలి, మ్యారేజ్ సర్టిఫికెట్ తేవాలి.

వాస్తవం: రెండూ తప్పనిసరి కావు. పుట్టింటి ఇంటిపేరు ఉంచుకోవడం పూర్తిగా ఆవిడ ఇష్టం.

అపోహ: పెద్దమనుషుల ముందు రాసుకున్న విడాకుల కాగితం, నోటరీ చేయిస్తే చాలు.

వాస్తవం: నోటరీ ముద్ర విడాకులు ఇవ్వలేదు. హిందూ వివాహ చట్టం 29వ సెక్షన్ ఆచారం ప్రకారం జరిగే విడాకులను కాపాడుతుంది నిజమే, కానీ ఆ ఆచారం తమలో ఉందని నిరూపించాల్సింది ఆ మాట చెప్పేవాళ్లే. పాస్‌పోర్టు వరకైతే 2016 డిసెంబరు నుంచి విడిపోయినవాళ్లు భర్త పేరో భార్య పేరో ఇవ్వక్కర్లేదు, కోర్టు ఇచ్చిన విడాకుల డిక్రీ చూపించక్కర్లేదు. రెండో పెళ్లికి, విదేశీ వీసాకు మాత్రం కోర్టు డిక్రీ దగ్గర పెట్టుకోండి.

అపోహ: పెంచినవాళ్లే తల్లిదండ్రులు, వాళ్ల పేర్లే రాయొచ్చు.

వాస్తవం: మన ఇళ్లలో పిల్లల్లేని పెద్దమ్మ దగ్గర చెల్లెలి బిడ్డ పెరగడం కొత్త కాదు. బడిలో చేర్చిన రోజు పెద్దనాన్న పేరే తండ్రి పేరుగా ఎక్కుతుంది. ఇరవై ఏళ్లకు బర్త్ సర్టిఫికెట్లో ఒక తండ్రి, పదో తరగతి మెమోలో ఇంకో తండ్రి. పెంపకం వేరు, దత్తత వేరు. 1956 నాటి హిందూ దత్తత చట్టం ప్రకారం దత్తహోమం తప్పనిసరి కాదు, కానీ బిడ్డను ఇవ్వడం, పుచ్చుకోవడం జరగాలి. మామూలుగా బిడ్డకు 15 ఏళ్లు నిండకూడదు. రిజిస్టర్డ్ దత్తత పత్రం ఉంటే, అది తప్పని ఎవరైనా నిరూపించేదాకా కోర్టు దాన్ని నిజమనే తీసుకుంటుంది. ప్రేమతో పెంచినవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే, ఆ పత్రాన్ని బిడ్డ చిన్నగా ఉన్నప్పుడే రాయించండి.

అపోహ: తండ్రి పేరు లేకుండా పాస్‌పోర్టు రాదు. భర్త పోయాక మళ్లీ పెళ్లి చేసుకున్న తల్లి, పిల్లల ఇంటిపేరు మార్చకూడదు.

వాస్తవం: 2016 డిసెంబరు నుంచి తల్లి, తండ్రి, చట్టబద్ధ సంరక్షకుల్లో ఒక్కరి పేరిచ్చినా చాలు. ఇక ఇంటిపేరు గొడవ మన తెలుగు కుటుంబం నుంచే సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. భర్త చనిపోయాక తల్లి మళ్లీ పెళ్లి చేసుకుంది. బిడ్డకు పాత ఇంటిపేరే ఉండాలనీ, కొత్త భర్తను సవతి తండ్రిగానే రికార్డుల్లో చూపాలనీ హైకోర్టు చెప్పింది. 2022 జులై 28న సుప్రీంకోర్టు ఆ మాట కొట్టేసింది. సహజ సంరక్షకురాలైన తల్లికి బిడ్డ ఇంటిపేరు నిర్ణయించే హక్కు ఉందని, ‘సవతి తండ్రి’ అని రాయించడం ఆ పసివాడి పట్ల దాదాపు క్రూరత్వమేనని అంది. ఆ కేసులో కొత్త భర్త బిడ్డను రిజిస్టర్డ్ పత్రంతో దత్తత తీసుకున్నాడన్నది మా వాళ్లు మర్చిపోకూడదు. ఇంటిపేరు మార్పుకూ తండ్రి పేరు మార్పుకూ కావలసిన కాగితాలు వేరు. ఆ తీర్పు కాపీ నా డ్రాయర్లో ఉంటుంది. బీ కౌంటర్‌కు ఎవరు కొత్తగా వచ్చినా మొదటి వారంలోనే చదవమని చేతిలో పెడతాను.