జ్వరం తగ్గింది కదా సిస్టర్, ఇంకా ఈ ఇంజెక్షన్లెందుకు? (ఐవీ యాంటీబయాటిక్స్ మీద అపోహలు - వాస్తవాలు)

నేను వార్డులో నర్సుని. సీరియస్ ఇన్ఫెక్షన్‌తో అడ్మిట్ అయి ఐవీ (నరంలోకి ఎక్కించే) యాంటీబయాటిక్స్ మీద ఉన్నవాళ్ళ మనుషులు అడిగేవి ఎప్పుడూ అవే ప్రశ్నలు, ఈమధ్య జ్వరం తగ్గితే ఇంజెక్షన్లు ఆపేయొచ్చని ఫోన్లో ఎవరో పంపిన మెసేజ్ చూపించి మరీ అడుగుతున్నారు. వాళ్ళ కంగారు అర్థమవుతుంది, కోపమంతా ఆ మెసేజ్ రాసినోడి మీదే.

అపోహ: జ్వరం పోయిందంటే ఇన్ఫెక్షన్ పోయినట్టే

ఎక్కువమందిని ముంచేది ఇదే. మందు పడ్డాక రెండు మూడు రోజుల్లో జ్వరం దిగుతుంది, ఆకలేస్తుంది, మనిషి లేచి కూర్చుంటాడు, ఇక అక్కణ్ణుంచి డిశ్చార్జ్ ఎప్పుడు డిశ్చార్జ్ ఎప్పుడు అని మొదలు. జ్వరం దిగిందంటే మందు సరైనదే పడింది, బ్యాక్టీరియా తగ్గుముఖం పట్టింది అని, అంతే. గుండె కవాటం మీదో ఎముకలోనో చేరింది మాత్రం నివురుగప్పిన నిప్పులా అక్కడే ఉంటుంది, అలాంటి చోట్లకి రక్తమే సరిగ్గా అందదు, ఇక మందెలా అందుతుంది? అందుకే కవాటం ఇన్ఫెక్షన్‌కి మామూలుగా 4 నుంచి 6 వారాలు, ఎముకకి 6 వారాల దాకా. రక్తంలో స్టాఫ్ ఆరియస్ (క్లుప్తంగా స్టాఫ్) అనే బ్యాక్టీరియా దొరికితే ఏ కాంప్లికేషనూ లేకపోయినా కనీసం 14 రోజులు.

ఈ 14 దగ్గరే గొడవంతా. మీరు అడ్మిట్ అయిన రోజు నుంచి వేళ్ళు మడుస్తారు, డాక్టర్లేమో బ్లడ్ కల్చర్ (రక్తంలో క్రిములున్నాయేమో చూసే పరీక్ష) మొదటిసారి నెగెటివ్ వచ్చిందే, ఆ శాంపిల్ తీసిన రోజు నుంచి లెక్కపెడతారు. "నిన్నటికే అయిపోయింది కదండీ, పొడిగించారేంటి" అని పోట్లాటకొస్తారు, ఎవరూ పొడిగించలేదు, లెక్క మొదలైందే ఆలస్యంగా.

ఒకాయన, షుగర్ ఉంది, కాలి పుండు నుంచి రక్తంలోకి స్టాఫ్ ఎక్కింది. జ్వరం దిగగానే మా బాధ్యత మీదే వెళ్తున్నాం అని సంతకం పెట్టి వెళ్ళిపోయాడు, ఎంత చెప్పినా వినలా. కొన్ని వారాలకి నడుం నొప్పంటూ వచ్చాడు, మంచం మీద పక్కకి తిరగాలన్నా అరుస్తున్నాడు, ఎమ్మారై తీస్తే వెన్నుపూసల మధ్య చీము. ఈసారి పిక్ లైన్ (చేతి నరంలోంచి లోపలికి పెట్టే పొడవాటి గొట్టం) పెట్టి మళ్ళీ మొదటి నుంచి వారాల తరబడి కోర్సు. వాళ్ళావిడ ఒక్క మాట అనలా, ఆ సంతకం పెట్టిన కాగితం కాపీ ఫైల్లోంచి తీసి ఆయన పక్కన పెట్టింది.

ఇది ఇవాళ కొత్తగా తెలిసిందేం కాదు. 1941లో ఆక్స్‌ఫర్డ్‌లో ఆల్బర్ట్ అలెగ్జాండర్ అనే పోలీసాయనకి పెన్సిలిన్ ఇచ్చారు, కొద్ది రోజుల్లోనే జ్వరం దిగి తేరుకున్నాడు, కానీ మందు చాల్లేదు, ఆయన మూత్రంలోంచి పెన్సిలిన్ తీసి మళ్ళీ ఎక్కించారు, అదీ అయిపోయింది. ఇన్ఫెక్షన్ తిరగబెట్టి మార్చిలో చనిపోయాడు. వాళ్ళకి దొరక్క ఆగింది, మనమేమో మందు చేతిలో పెట్టుకుని ఆపేస్తున్నాం!

అలాగని ఎన్ని రోజులు వాడితే అంత మంచిదనీ కాదు. స్టాఫ్ ఆరియస్ కాని చాలా బ్లడ్ ఇన్ఫెక్షన్లకి 7 రోజులు చాలని 2024లో వచ్చిన బ్యాలెన్స్ అనే ట్రయల్‌లో తేలింది. డాక్టర్ 7 రోజులకి ఆపితే భయపడొద్దు. మీ అంతట మీరు ఆపడం వేరు.

అపోహ: రాత్రి డోసు వదిలేసి పొద్దున డబుల్ ఇస్తే సరిపోతుంది

సరిపోదు. మెరో, పిప్‌టాజ్ లాంటి యాంటీబయాటిక్స్ కిడ్నీలు బాగుంటే గంటకల్లా రక్తంలో సగానికి పడిపోతాయి. ఇవి పనిచేసేది ఒక్కసారి ఎంత ఎక్కువ పడిందని కాదు, రక్తంలో తగినంత మోతాదు ఎంతసేపు నిలబడిందని. అందుకే అర్ధరాత్రి వచ్చి లైటు వేసేది, మాకేం సరదా కాదండి.

అపోహ: డ్రిప్ స్పీడ్ పెంచితే తొందరగా అయిపోతుంది

పైపుకుండే ఆ చక్రాన్ని దయచేసి ముట్టుకోకండి. వాంకోమైసిన్ అనే యాంటీబయాటిక్ 1 గ్రాము కనీసం గంటసేపు ఎక్కాలి. ఒకబ్బాయి వాళ్ళ నాన్నని స్కానింగ్‌కి తీసుకెళ్ళాలని చక్రం మొత్తం తిప్పేశాడు, నేను వెళ్ళేసరికి పెద్దాయన మొహం, మెడ ఎర్రగా కందిపోయి ఒళ్ళంతా గోక్కుంటున్నాడు, బీపీ కూడా దిగింది. ఆపి, తర్వాత నెమ్మదిగా ఎక్కిస్తే ఏమీ కాలేదు. ఆ అబ్బాయి మాత్రం మందు పడలేదనే అందరికీ చెప్పుకున్నాడు.

మిగతావి గబగబా చెప్పేస్తా.

టాబ్లెట్‌కి మార్చారంటే వదిలించుకుంటున్నారని కాదు. లైనజోలిడ్, లీవోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ నోట్లో వేసుకున్నా దాదాపు మొత్తం రక్తంలోకి చేరతాయి. 2019లో వచ్చిన ఒవీవా అనే ట్రయల్‌లో ఎముక, కీళ్ళ ఇన్ఫెక్షన్లకి సైతం సరైన టాబ్లెట్లు ఐవీకి తీసిపోలేదు. అన్ని మందులకీ టాబ్లెట్ ఉండదు, మెరో అలాంటిదే.

కల్చర్ రిపోర్ట్ వచ్చాక "చిన్న" మందుకి మార్చారంటే మంచి వార్త, ఏ క్రిమో తెలిసింది, దానికి గురిచూసి కొడుతున్నారు.

పెన్సిలిన్ పడదు అనుకునేవాళ్ళలో 10 మందికి 9 మందికి పరీక్ష చేస్తే పడుతుంది. అయినా అప్పుడేం జరిగిందో డాక్టర్‌కి చెప్పి తీరాలి, ఇంట్లో ప్రయోగాలొద్దు.

చేతిలో సూది ఉండిపోదు, ఉండేది మెత్తటి ప్లాస్టిక్ గొట్టం. అక్కడ ఎర్రబడినా, వాచినా, మంట పుట్టినా రౌండ్స్ దాకా ఆగకుండా వెంటనే పిలవండి.

నీళ్ళ విరేచనాలైతే ఆపే మాత్ర మీరే వేసేయకండి, యాంటీబయాటిక్స్ వల్ల సీ డిఫ్ అనే పేగు ఇన్ఫెక్షన్ రావచ్చు, కోర్సు అయిపోయిన కొన్ని వారాలకి కూడా వస్తుంది, అప్పుడు ఏ డాక్టర్ దగ్గరికెళ్ళినా ఫలానా యాంటీబయాటిక్ ఎక్కించారని ముందే చెప్పండి.

పైపులో చిన్న బుడగ కనపడితే ప్రాణమేం పోదు. రాత్రంతా బాటిల్ కేసి చూస్తూ కూర్చునేవాళ్ళున్నారు పాపం. పడుకోండి, అయిపోయిందనిపిస్తే బెల్ కొట్టండి, చక్రం మాత్రం వద్దు.